ముఖం కడిగిన వాచీ

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ తడుముకుంటూనే ఉంటాను. తప్పులు దిద్దించుకున్నాను, అయినా కొన్ని మిగిలే ఉంటాయి. మెల్లగా రాస్తాను కాబట్టి అక్కడక్కడ ఆగి మళ్ళీ ఎత్తుకున్నట్టు ఉంటుంది. ఇది మా ఇంట్లో జరిగిందే. "నేను" అని రాయబోతే చెయ్యి కదల్లేదు. అందుకని మెహబూబ్ బీ అని నా పేరే రాసి, పక్కింటావిడ సంగతి చెబుతున్నట్టు రాశాను. అలా అయితేనే ముందుకు సాగింది.

విజయవాడ వన్‌టౌన్‌లో, మార్కెట్ వెనక సందులో, ఒక మేడ మెట్ల కింద వాచీల కొట్టు ఉండేది. కొట్టంటే పెద్దదేం కాదు. మెట్లెక్కేవాళ్ళ చెప్పుల చప్పుడు నెత్తిమీదే పడుతుండేది. ముందు ఒక గాజు పెట్టె, వెనక బల్ల, బల్ల మీదికి వంగిన దీపం, రెండు స్టూళ్ళు. ఒక స్టూలు మీద మెహబూబ్ బీ భర్త బడే మియా కూర్చునేవారు. ఆయన అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా కనపడేది కాదు. రెండో స్టూలు ఆయన కొడుకు తౌసిఫ్‌ది. చిన్నప్పుడు బడి వదిలాక ఆ స్టూలు మీదే కూర్చుని, తండ్రి చేతి నుంచి రాలిన మరలు అయస్కాంతంతో ఏరేవాడు. డిగ్రీ అయ్యాక బందరు రోడ్డులో పెద్ద వాచీల షోరూంలో సేల్స్‌మన్‌గా చేరాడు. టై కట్టుకుని వెళ్ళేవాడు. అప్పటినుంచి ఆ స్టూలు మీద పాత బెల్టుల అట్టపెట్టెలు పెట్టి ఉండేవి.

బడే మియా పనికి ఒక పద్ధతి ఉండేది. పెళ్ళిళ్ళ రోజులొస్తే కంకిపాడు, ఉయ్యూరు, హనుమాన్ జంక్షన్ వైపు నుంచి జనం వచ్చేవారు. తాతల వాచీలు, మామగార్ల వాచీలు జేబురుమాళ్ళలో చుట్టి తెచ్చేవారు. "పైపైన చూడు మియా, నడిస్తే చాలు," అనేవారు. ఆ మాటకు అర్థం ఆయనకు తెలుసు. ఎక్కువ పని చెబితే ఎక్కువ అడుగుతాడేమోనని వాళ్ళ మొహమాటం. అందుకని లోపలి పనికి మాత్రమే డబ్బు తీసుకుని, పై పని ఊరికే చేసిపెట్టేవారు. గీతలు పోయేదాకా కేసును, అంటే వాచీ పై గుల్లను, మెరుగుపెట్టే బఫింగ్ మిషను మీద పట్టేవారు. పసుపెక్కిన డయలు ఊడదీసి, పాత రంగు తీసేసి, తెల్లరంగు పూసి, పిల్లి మీసమంత కుంచెతో అంకెలు మళ్ళీ దిద్దేవారు. దీన్ని ఆయన ముఖం కడగడం అనేవారు.

"పెళ్ళికెళ్ళేవాడు ముఖం కడుక్కోకుండా వెళ్తాడా? వాచీ మాత్రం ఎందుకెళ్ళాలి?" అని నవ్వేవారు.

వాచీ తీసుకోవడానికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి నోరు తెరిచేవారు. "మాదేనా మియా? మార్చెయ్యలేదు కదా?" అని అడిగేవారు. ఆ ప్రశ్న కోసమే బడే మియా ఆ పనంతా చేసేవారని మెహబూబ్ బీకి అనిపించేది. మధ్యాహ్నం ఆమె అన్నం క్యారేజీ పట్టుకెళ్ళేసరికి, "ఇవాళ ఒకాయన తన వాచీ తనే గుర్తుపట్టలేదు," అని చెబుతూ ముద్ద కలిపేవారు.

ఇంకో నియమం కూడా ఉండేది. ఎవరి చేతికి వెళ్తుందో తేలకుండా ఏ వాచీకీ ముఖం కడిగేవారు కాదు. కడిగి పెట్టెలో పెడితే మళ్ళీ మసకబారుతుందని, ఆ కడుగుడు వృథా అని అనేవారు.

ఆ నియమం వల్లే ఒక వాచీ అలాగే ఉండిపోయింది.

అది కంకిపాడులో బియ్యం మిల్లు నడిపిన బసవయ్య గారిది. స్విట్జర్లాండు వాచీ. రోజూ కీ ఇవ్వాలి. బసవయ్య గారి తండ్రి మద్రాసు వెళ్ళి కొన్నారట. బసవయ్య గారు ముసలితనంలో ఒకరోజు రిక్షా దిగి, కర్ర పోటేసుకుంటూ వచ్చి, దాన్ని గాజు పెట్టె మీద పెట్టారు.

"మా ఇంట్లో అందరికీ బ్యాటరీవి కావాలంట మియా. పొద్దున్నే దీనికి కీ ఇచ్చే ఓపిక ఒక్కడికీ లేదు. నీ దగ్గర ఉంచు. అమ్ముకుంటావో దాచుకుంటావో నీ ఇష్టం. విలువ తెలియనోడికి మాత్రం ఇవ్వమాక."

బడే మియా దాన్ని అమానత్‌గా తీసుకున్నారు. అంటే మనది కాదు, అప్పగించేదాకా కాపాడాలని. మెహబూబ్ బీ బీరువాలో, బిస్కెట్ల డబ్బాలో, దూది మధ్యన పెట్టారు. తౌసిఫ్ నిఖా కుదిరినప్పుడు డబ్బా తీసి కొడుకు ముందు పెట్టారు. తౌసిఫ్ చూసి, "పాతదా అబ్బా? ఫోటోల్లో మురికిగా పడిద్ది," అన్నాడు. కొత్తది కొనుక్కుని పెట్టుకున్నాడు. డబ్బా మళ్ళీ బీరువాలోకి వెళ్ళింది. ఆ రోజు బిర్యానీ వడ్డిస్తుంటే ఆయన చాలని చెయ్యి అడ్డం పెట్టారు.

కాలం మారింది. తౌసిఫూ మారాడు. షోరూంలో రోజంతా నిలబడి కాళ్ళు వాచిపోయేవి. నెలాఖరుకు టార్గెట్ అని మేనేజరు అందరి ముందూ నిలదీసేవాడు. ఫోన్లో చూసి చూసి వాడికి పాత వాచీల మీద గురి కుదిరింది. ఒక ఆదివారం వచ్చి తల్లి దగ్గర కూర్చుని, "అమ్మీ, ఇప్పుడు చదువుకున్నోళ్ళంతా పాతవే వెతుకుతున్నారు. మన అబ్బా దగ్గర ఉన్న పని ఎవరికుంది? నేనే తెలుసుకోలేకపోయా," అన్నాడు.

మెహబూబ్ బీ ఆ మాట కొట్టుకు మోసుకెళ్ళి భర్తకు చెప్పింది. ఆయన విననట్టే కంటికి భూతద్దం పెట్టుకున్నారు. కాసేపయ్యాక, "ఆ అట్టపెట్టెలు ఇంటికి పట్టుకుపో. కొట్లో అడ్డంగా ఉన్నాయి," అన్నారు. రెండో స్టూలు ఖాళీ అయింది. ఆయనే తడిగుడ్డతో తుడిచారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు తౌసిఫ్ ఒకావిడను కొట్టుకు తీసుకొచ్చాడు. సంయుక్త గారు. కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. నలభై దాటి ఉంటాయి, జుట్టు ముడి వేసుకుని, చేతికి గాజుల్లేకుండా ఉంది. షోరూంలో వాచీలన్నీ చూసి, కొత్తది కొనాలా పాతది కొనాలా అని తౌసిఫ్‌ని అడిగిందట.

అప్పుడే మెహబూబ్ బీ క్యారేజీతో వచ్చి మెట్ల పక్కన నిలబడింది.

"ఎవరి కోసం తల్లీ? మీవారి కోసమా?" అడిగారు బడే మియా.

"నా కోసమేనండీ."

"మగవాళ్ళ వాచీ కావాలన్నారని మావాడు చెప్పాడే?"

"టైములో మగా ఆడా ఉంటారాండీ?"

బడే మియా పగలబడి నవ్వారు. రెండో స్టూలు చూపించి కూర్చోమన్నారు. ఆవిడ కూర్చుంది.

"ఇన్నేళ్ళు పాఠాలు చెప్పి చెప్పి, నాకంటూ ఒక్క మంచి వస్తువు కొనుక్కోలేదండీ. అందరూ నగలు కొనుక్కో అంటారు. నాకు నగలొద్దు. నేను పోయేదాకా నాతో ఉండే వాచీ ఒకటి కావాలి. జీవితంలో ఒక్కసారే కొంటాను. తప్పు చేయకూడదు."

"మేడమ్, ఈ మాట షోరూంలో చెబితే నా ఉద్యోగం పోద్ది. ఇక్కడైతే చెప్పొచ్చు," అన్నాడు తౌసిఫ్. "కొత్తది కొంటే పెట్టె, కార్డు, గ్యారంటీ అన్నీ ఉంటాయి. గుమ్మం దాటగానే ధర మాత్రం దిగిపోద్ది. పాతది, మంచిది దొరికితే, దిగేదంతా ఎప్పుడో దిగిపోయి ఉండిద్ది."

"నువ్వు ధర మాట చెబుతున్నావ్. ఆమె తోడు మాట అడుగుతోంది," అని కొడుకును ఆపారు బడే మియా. "చూడమ్మా. కొత్తదానికి వెనక కంపెనీ ఉండిద్ది. వానలో తడిసినా దిగులుండదు. పాతదానికి వెనక ఎవరూ ఉండరు, బాగుచేసే మనిషి ఒక్కడు తప్ప. అలాంటి మనిషి దొరక్కపోతే పాతది కొనకు. కొత్తదే కొనుక్కో. నీళ్ళలో చెయ్యి పెట్టేటప్పుడు తీసి పక్కన పెట్టే ఓపిక లేకపోయినా కొత్తదే కొనుక్కో."

"మీరున్నారు కదండీ బాగుచెయ్యడానికి."

"నేనెన్నాళ్ళుంటాను తల్లీ?" అంటూ ఆయన తౌసిఫ్ వైపు చూశారు.

తౌసిఫ్ తల వంచుకుని నవ్వాడు. "చూద్దాంలే అబ్బా," అన్నాడు. ఆ నవ్వు కాదనే నవ్వు కాదు. మెహబూబ్ బీ గుండె ఒక్కసారి తేలికపడింది.

బడే మియా ఒక పాత వాచీ వెనక మూత తీసి ఆవిడకు భూతద్దం ఇచ్చారు. "ఈ మరలున్నాయే, వాటి నెత్తిమీద చూడు. గాట్లు పడ్డాయంటే ఎవడో మోటుచెయ్యి పెట్టాడని. చెవి దగ్గర పెట్టుకుని విను. ఒకే తూగులో కొట్టుకోవాలి. బయట మెరుపు చూసి కొనొద్దు." ఆవిడ బుద్ధిగా బడిపిల్లలా విన్నది. చివరికి ఆయన భార్యవైపు తిరిగి, "మెహబూబ్, ఆ డబ్బా పట్రా," అన్నారు.

ఏ డబ్బా అని ఆమె అడగలేదు. ఇల్లు రెండు సందుల అవతలే. వెళ్ళి తెచ్చింది.

దూది తీయగానే సంయుక్త గారు ముందుకు వంగింది. డయలు పలచటి టీ రంగులోకి తిరిగి ఉంది. అంచున ఒకచోట నెలవంకలా మరక. అంకెల నలుపు అక్కడక్కడ వెలిసింది. కేసు అంచులు మాత్రం తయారైన రోజున ఎలా ఉన్నాయో అలా పదునుగా ఉన్నాయి. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని దీపం కిందికి వంచింది.

"దీన్ని ఎవరూ ముట్టుకోలేదండీ?"

"నా చేతికొచ్చాక ఎవరూ ముట్టుకోలేదు. అంతకు ముందు బసవయ్య గారు, వాళ్ళ నాన్న. అంతే."

"నాకు ఇదే కావాలి." ఆవిడ వాచీని కింద పెట్టలేదు. "లోపల సర్వీసు చేసివ్వండి చాలు. పైన ఇలాగే ఉండనివ్వండి. ఇలాగే బాగుంది."

బడే మియా ఆవిడను ఆప్యాయంగా చూశారు. "అలాగేనమ్మా. ఆదివారం ఇంటికి రండి. సేమ్యా పాయసం తాగి, వాచీ పెట్టుకుని వెళ్దురుగాని."

వెళ్ళేటప్పుడు తౌసిఫ్ వెనక్కి వచ్చాడు. "అబ్బా, మేడమ్ మాట గుర్తుందిగా? పైన ముట్టుకోవద్దు."

"విన్నాలేరా. నాకు చెవుడు రాలేదు ఇంకా."

"ఆవిడకు తెలిసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. డాక్టర్లు, లాయర్లు. అందరూ పాత వాచీల పిచ్చోళ్ళే. ఒక గ్రూపు ఉంది ఫోన్లో. ఇదొక్కటి సరిగ్గా వెళ్తే వాళ్ళంతా మన దగ్గరికే వస్తారు. అప్పుడు షోరూముకు దండం పెట్టేసి ఇక్కడే కూర్చుంటా."

"ఇక్కడే" అంటూ స్టూలు మీద చెయ్యేసి తట్టాడు. వాడు సందు మలుపు తిరిగేదాకా బడే మియా చూస్తూనే ఉన్నారు. ఆ మధ్యాహ్నం అన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నారు.

ఒక సంగతి మెహబూబ్ బీకి తెలుసు, తౌసిఫ్‌కి తెలియదు. ఆ ఏడాది నుంచి ఆయన చెయ్యి వణుకుతోంది. టీ సాసరు చప్పుడు చేసేది. కొట్లో పెద్ద పనులు తీసుకోవడం తగ్గించి బెల్టులు, బ్యాటరీలు మాత్రమే మారుస్తున్నారు. కొడుకు వచ్చి కూర్చుంటే ఆ చేతి పని వాడి చేతికి దిగుతుంది. రాకపోతే మట్టిలో కలుస్తుంది. ఆయనకు మిగిలింది ఆ ఒక్క ఆశే.

శుక్రవారం కొట్టు మూసి, జుమ్మా నమాజు చేసుకుని వచ్చి, ఇంట్లో కిటికీ పక్కన పని మొదలుపెట్టారు. లోపలి భాగాలు విప్పి, కడిగి, నూనె చుక్కలు వేసి బిగించారు. సాయంత్రం అస్ర్ నమాజు అజాన్ వినపడేసరికి వాచీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆమెను పిలిచి చెవి దగ్గర పెట్టారు. చిన్న పిట్ట గుండెలా ఉంది.

శనివారం పొద్దున ఆమె వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన డయలు ఊడదీసి గుడ్డమీద పెట్టి ఉన్నారు. పక్కన తెల్లరంగు సీసా. బఫింగ్ మిషను కూడా కొట్టు నుంచి మోయించుకొచ్చారు.

"తౌసిఫ్ అబ్బా, పైన వద్దని ఆవిడ చెప్పారు కదా?" అంది. ఆయన్ని ఎప్పుడూ అలాగే పిలిచేది, తౌసిఫ్ నాన్నా అని.

"అందరూ అలాగే చెబుతారు మెహబూబ్. ఇన్నేళ్ళలో ఒక్కడైనా 'మియా, బాగా మెరిపించు' అని నోరు తెరిచి అడిగాడా? మాస్టారమ్మ. మరీ మొహమాటస్తురాలు. ముసలాడికి శ్రమెందుకని అనుకుని ఉంటుంది."

"తౌసిఫ్ కూడా చెప్పాడే."

"వాడూ అందుకే చెప్పాడు. చెయ్యి సంగతి వాడికి తెలియదనుకుంటున్నావా?" ఆయన కుంచె మొన నాలుకతో తడిపి సన్నం చేశారు. "బసవయ్య గారి వాచీ ఇన్నాళ్ళకు విలువ తెలిసిన చేతికి పోతోంది. మురికి ముఖంతో పంపమంటావా?"

ఆమెకూ అది నిజమే అనిపించింది. ఆ ఇంట్లో ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

రెండు మోచేతుల కింద దిండు పెట్టుకున్నారు. ఊపిరి బిగబట్టి ఒక గీత, ఊపిరి వదిలాక ఇంకో గీత. మెహబూబ్ బీ ఫ్యాను ఆపేసి, ఆయన మెడ మీద చెమట తుడుస్తూ నిలబడింది. కూర పొయ్యి మీద మాడింది. ఆయనకు వాసన కూడా తెలియలేదు. పని అయ్యాక కిటికీ వెలుగులో వాచీ పట్టుకుని చూసుకున్నారు. పాలలా తెల్లటి డయలు, కాటుకలాంటి అంకెలు. కేసు అద్దంలా మెరుస్తోంది. ఆ నెలవంక మరక ఎక్కడా లేదు.

"ఇంతకంటే బాగా నేనెప్పుడూ చెయ్యలేదు," అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆదివారం ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ వేసుకుని, అత్తరు రాసుకుని కూర్చున్నారు. సంయుక్త గారు, తౌసిఫ్ కలిసే వచ్చారు. ఆవిడ పట్టుచీర కట్టుకొచ్చింది. మెహబూబ్ బీ పాయసం గిన్నెలు పెట్టింది. ఎవరూ ముట్టుకోకముందే బడే మియా మఖమలు గుడ్డ విప్పారు.

ఆయన ఆ ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నారు. అదేనా, మార్చెయ్యలేదు కదా, అని.

ఆ ప్రశ్నే వచ్చింది.

"ఇది... అదేనాండీ?" అంది సంయుక్త గారు.

"అదేనమ్మా!" ఆయన ముఖమంతా నవ్వే. "గుర్తుపట్టలేదు కదూ!"

ఆవిడ వాచీ తీసుకుని ఇటూ అటూ తిప్పింది. వేలితో కేసు అంచు తడిమింది. మొన్నటి పదును పోయి అంచు గుండ్రంగా అయిపోయింది. భూతద్దం అడగలేదు. "చాలా తెల్లగా ఉందండీ," అని, మళ్ళీ గుడ్డ మీద పెట్టింది. పెట్టడంలో కూడా మర్యాద ఉంది.

తౌసిఫ్ గుడ్డ మీదికి వంగి చూశాడు. "ఏం చేశారు అబ్బా?"

"ముఖం కడిగాను."

"నేను చెప్పానా లేదా? ముట్టుకోవద్దని చెప్పానా లేదా? అయిపోయింది. ఇంకేముంది? అదంతా అయిపోయింది!"

"తౌసిఫ్, ఉండండి," అంది సంయుక్త గారు. "పెద్దాయన."

బడే మియా కొడుకును చూశారు, ఆవిడను చూశారు. ఏదో జరిగిందని తెలుస్తోంది, ఏం జరిగిందో తెలియడం లేదు. "నూనె సరిగ్గా పడలేదా? ఆగిందా?" అని వాచీ చెవికి పెట్టుకున్నారు. అది చక్కగా కొట్టుకుంటోంది. "నడుస్తోందే! అమ్మా, నువ్వు చెప్పు. నిజం చెప్పు. బాగాలేదా?"

ఆవిడ పాయసం గిన్నె పక్కకు జరిపింది. "మీ పని చాలా గొప్పదండీ. కానీ నాకు కావలసింది ఆ మరకే. ఆ రంగు ఎండకీ చెమటకీ ఏళ్ళ తరబడి దానంతటదే వచ్చింది. ఎవరూ మళ్ళీ తేలేరు. పాత వాచీ కొనేవాళ్ళంతా దానికోసమే కొంటారు. రంగు వేస్తే, పాలిష్ పడితే, ఇంక దాన్ని..." ఆగిపోయింది.

"దాన్ని?"

"పాడైనట్టే లెక్క వేస్తారండీ."

బడే మియా తన రెండు చేతులూ చూసుకున్నారు. మెల్లగా అడిగారు. "అయితే అమ్మా, నేను చేసినవన్నీ?"

కొడుకు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"నేను ఇదే తీసుకుంటానండీ," అంది సంయుక్త గారు గబగబా. "నాకు నచ్చింది. నిజంగా."

"వద్దు తల్లీ. జాలిపడి కొన్నది పెట్టెలోనే ఉండిపోద్ది. ఇన్నేళ్ళు పెట్టెలో ఉంది చాలు."

ఆవిడ వెళ్ళిపోయింది. వెళ్తూ గుమ్మం దగ్గర మెహబూబ్ బీ రెండు చేతులూ గట్టిగా పట్టుకుని వదిలింది. పాయసం గట్టిపడి గిన్నెలకు అతుక్కుపోయింది.

"నాకైతే బాగుందండీ, నా కంటికి అంతకంటే అందమైనది కనపడలేదు," అంది మెహబూబ్ బీ భర్తతో. పైమాటగా కాదు, నిజంగానే అంది.

"నీకు టైము చూడటం కూడా రాదు మెహబూబ్," అన్నారాయన. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమె ఓర్చుకునేది.

ఆ వారంలోనే సంయుక్త గారు షోరూంలో కొత్త వాచీ కొనుక్కుంది. తౌసిఫే అమ్మాడు. ఆ నెల వాడి టార్గెట్ పూర్తయి, మేనేజరు అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు. వాడు మళ్ళీ స్టూలు మాట ఎత్తలేదు. ఎత్తి ఏం లాభం? ఆ గ్రూపులో ఆవిడ చెడుగా ఒక్క ముక్క రాయలేదు. మంచిగా రాయడానికీ ఏమీ లేకపోయింది.

బడే మియా కొట్టుకు వెళ్ళడం మానలేదు. కానీ ఇంటికొచ్చాక గోడకు ఆనుకుని కూర్చుని లెక్కపెట్టుకున్నట్టు పేర్లు చదివేవారు. "ఉయ్యూరు చెరుకు రైతుది ఒకటి. ఆయన తాత పెట్టుకుంది. కడిగేశాను. జంక్షన్ లారీల ఆయనది, అది కూడా స్విస్సే, పసుపు డయలు ఎంత బాగుండేదో. కడిగేశాను. గన్నవరం డాక్టరు గారిది. అది కూడా." పేరు పేరుకీ ఆగేవారు. "అందరూ సంతోషపడ్డారు మెహబూబ్. ఎవరికీ తెలియదు. ఇప్పుడు వాళ్ళ పిల్లలు ఎవరికో చూపిస్తారు. ఎవడు చేశాడ్రా ఈ పని అంటారు."

"మీరు మంచికే చేశారు."

"అదే. చెడ్డకు చేసుంటే మానుకునేవాణ్ణి."

మూఢం వెళ్ళి మళ్ళీ పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. మెహబూబ్ బీ క్యారేజీ తీసుకెళ్ళిన ఒక మధ్యాహ్నం కంకిపాడు నుంచి సంజీవరావు అనే రైతు వచ్చి ఉన్నాడు. కొడుకు పెళ్ళికి తన మామగారి వాచీ తెచ్చాడు. "పైపైన చూడు మియా. అంటే, నీకు తెలుసుగా," అని కన్ను గీటాడు. అతనికి ఆ కొట్టు పద్ధతి తెలుసు.

బడే మియా వాచీ తీసుకుని చూసి, తిరిగి అతని చేతిలోనే పెట్టారు. "లోపల బాగుచేస్తా. ముఖం జోలికి మాత్రం పోను. ఇలాగే ఉంచుకో."

"ఇలాగా? పెళ్ళికొడుకు చేతికి ఈ తుప్పు ముఖమా? ఏంది మియా, నాకే చెబుతున్నావా? అందరికీ చేస్తావు, నాకు చెయ్యవా?"

"ఇదే విలువంట అయ్యా. చదువుకున్నోళ్ళు చెప్పారు."

"ఎవడు చెప్పాడు? విలువేంది, మరకకి? ముసలోడివైపోయావ్, చెయ్యి పోయింది, అది చెప్పుకోలేక కబుర్లు చెబుతున్నావ్!" అతను వాచీ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. మెట్ల మీద ఎవరో పరుగెత్తారు. ఆ చప్పుడు ఆగేదాకా బడే మియా తల ఎత్తలేదు.

"చూశావా," అన్నారు. "కడిగితే ఆమెకు వద్దు. కడక్కపోతే ఇతనికి వద్దు."

క్యారేజీ విప్పలేదు. దీపం ఆర్పేశారు. ఆ రోజు మూసిన షట్టరు ఆయన మళ్ళీ ఎత్తలేదు. చలికాలంలో జ్వరం తగిలింది. డాక్టరు మందులు రాశాడు, తౌసిఫ్ సెలవు పెట్టి పక్కనే కూర్చున్నాడు. "అబ్బా, నేను కొట్లో కూర్చుంటా, మీరు లేవండి," అని చెవి దగ్గర చెప్పాడు. ఆయన కళ్ళు తెరిచి, "కూర్చుని ఏం చేస్తావురా?" అన్నారు. ఎగతాళికి అన్న మాటైతే కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. అదే ఆయన కొడుకును అడిగిన చివరి మాట.

ఆయన పోయాక కొట్టు ఖాళీ చేసేటప్పుడు బఫింగ్ మిషనును పాత ఇనుము కింద ఎత్తుకుపోయారు. స్టూళ్ళు రెండూ పైమేడవాళ్ళు తీసుకున్నారు. ఇప్పుడు అక్కడ ఫోన్లకు అద్దాలు అంటించే కుర్రాళ్ళున్నారు. తౌసిఫ్ బసవయ్య గారి వాచీని హైదరాబాదు తీసుకెళ్ళి, పాత రంగు మళ్ళీ తెప్పించే దారి ఏమైనా ఉందా అని అడిగొచ్చాడు. లేదన్నారు. డబ్బా తల్లి చేతికిచ్చి, షోరూముకు టైమవుతోందని వెళ్ళిపోయాడు.

మెహబూబ్ బీ కొడుకు ఇంటికి మారింది. మనవరాలు సబీహా తనకు ఇచ్చిన హోంవర్కు తను చేసుకుంటూ నాయనమ్మకు పలక ఇచ్చింది. అక్షరాలకంటే ముందు అంకెలు నేర్పింది. ఒంట్లు వచ్చాక మెహబూబ్ బీ బీరువా తెరిచి వాచీ తీసింది. ఆయన ముందు కూర్చుని టైము చెప్పినట్టు చెప్పుకుందామని, కీ ఇచ్చి, వెలుగులో పట్టుకుని, ఒకటి నుంచి మొదలుపెట్టి వేలు పెట్టి చదువుకుంటూ పోయింది.

తొమ్మిది దగ్గర వేలు ఆగింది. మళ్ళీ చూసింది. పలక మీద తొమ్మిదిని చూసి, వాచీ మీద తొమ్మిదిని చూసింది. తోక దగ్గర గీత వణికి ఉంది. పది కూడా అంతే. పదకొండు ఇంకా ఎక్కువ. ఆ రోజు ఫ్యాను ఆపి, చెమట తుడుస్తూ, అంత దగ్గర నిలబడి చూసింది తను. చూడటం రాక అందం ఒక్కటే కనిపించింది.

సంయుక్త గారికి ఆ రోజే కనిపించి ఉంటుంది. చెప్పలేదు.

ఆయనకు కూడా కనిపించి ఉంటుందా అన్నది మెహబూబ్ బీకి తెలియదు. తెలిసేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె ఇచ్చిన కీ అయిపోయి వాచీ ఆగిపోయింది. మళ్ళీ ఇవ్వలేదు.

మెహబూబ్ బీ
వయసు అరవై తొమ్మిది
ఇప్పుడు ఉంటున్నది ఇబ్రహీంపట్నంలో